గరగర ఆగిన సాయంత్రం

మా ఇంటి హామ్ రేడియోలో, అంటే ఔత్సాహికులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్టులో, వినపడే మాటలను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందరికీ వినిపిస్తుంటాను. ఈ సాయంత్రం అది ఆగిపోయింది. ఫిర్యాదులు మొదలయ్యాయి. "సర్వర్ సమస్య, చూస్తున్నాం" అని దర్జాగా జవాబిచ్చాను.

అంతలో మొగుడంపల్లి నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆమె భర్త వానలో వాగు దగ్గర రేడియో సెట్టుతో, వరద కబుర్లు చెప్పే వాలంటీరుగా ఉన్నాడట. ఆయన గొంతు ఆమెకు నా ప్రసారంలోనే వినపడుతుందట.

"అన్నా, ఆయన మాట్లాడకున్నా ఫికర్ లేదు. జర గరగరనన్న వినిపియ్యి. ఏం వినవడకుంటే నాకు కాళ్లుచేతులు ఆడుతలేవు."

పరుగెత్తి చూస్తే, అల్లం నూరుదామని మిక్సీ కోసం రేడియో ప్లగ్గు పీకింది నేనే. మళ్లీ పెట్టాను. గరగర వచ్చింది. ఆయన గొంతు మాత్రం పావుగంటకు గానీ రాలేదు. అంతసేపూ ఆమె ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

అల్లం ఇంకా మిక్సీలోనే ఉంది. మీ ఇంట్లో పీకకూడని ప్లగ్గు ఏది?