అమ్మ నా కలలోకి రాని రోజులు

అమ్మ పోయి నెల కూడా తిరక్కముందే పక్కింటి అత్త ఒకరోజు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పాల గిన్నె ఉంది, తల ఇంకా దువ్వుకోలేదు. నేను బడికి వెళ్ళే తొందరలో పరాఠాలు కాలుస్తున్నాను.

"రేత్రి మీయమ్మ నా కల్లోకొచ్చినాదే" అంది.

నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"బాగున్నాది. ఒళ్ళు సేసినాది. మా అరుగు మీద కూకోని బెండకాయలు తరుగుతన్నాది. ఎప్పుడొచ్చినావు వదినా అంటే, ఇప్పుడే గదా, అన్నాది. ఈ కాయలు ముదిరిపోనాయి, బజారుకి నువ్వెల్తే ఇంతే, అని నన్నే తిట్టినాది."

చెబుతూ నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. అత్త వెళ్ళిపోయాక పెనం మీద పరాఠా నల్లగా మాడిపోయి ఉంది. నాకు దుఃఖం రాలేదు, అసూయ వచ్చింది. కన్నకూతురు పక్కింట్లోనే ఉంటే, అత్త అరుగు మీద కూర్చుని కూరగాయలు తరుక్కోవడం ఏమిటి?

మా అమ్మకీ కలలకీ ఉన్న సంబంధం మా బస్తీ అంతటికీ తెలుసు. మాది జంషెడ్‌పూర్‌లో ఖర్కాయ్ నది ఒడ్డున ఉన్న బస్తీ. సగానికి సగం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళమే. నాన్న ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు కింద రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఎక్కువగా నైట్ డ్యూటీ. పొద్దున్న సైకిల్ దిగి, ముఖం కడుక్కుని, పడుకునేముందు టీ తాగుతూ అమ్మ చెప్పే కలలు వినేవాడు. చిన్నప్పుడు అన్ని ఇళ్ళలోనూ అలాగే ఉంటుందనుకునేదాన్ని నేను.

ఒక వానాకాలం అమ్మ చెప్పిన కల నాకు బాగా గుర్తుంది. మా పొయ్యి కింద నుంచి చేపలు ఈదుకుంటూ వెళ్తున్నాయట. గిన్నెల మధ్య నుంచి, బియ్యం డబ్బా చుట్టూ తిరిగి, గుమ్మం దాటి పోతున్నాయట.

"వానని విన్నావే నిద్దట్లో. అదే కలయిపోనాది" అన్నాడు నాన్న.

"అవునో, కాదో. బియ్యం డబ్బా, ట్రంకుపెట్టె పక్కింటి మేడ మీద ఎట్టీసొచ్చీ."

రాత్రంతా ఇనుముతో పనిచేసి వచ్చిన మనిషి, మారు మాట్లాడకుండా పెట్టె భుజానికెత్తుకున్నాడు. బస్తీలో స్లాబ్ వేసిన ఇల్లు అప్పటికి పక్కింటి అత్తవాళ్ళది ఒక్కటే. చూసిన వాళ్ళంతా నవ్వారు. మర్నాడు సాయంత్రానికి నది బస్తీలోకి వచ్చేసింది. మొలలోతు నీళ్ళలో అందరం ఆ మేడ మీదకే చేరాం. పొడిగా ఉన్నవి మా బియ్యమే. అత్తవాళ్ళ కిరోసిన్ స్టవ్ మీద అమ్మ విడతలు విడతలుగా వండింది. ఆ తడిలో, ఆ చీకటి ఆకాశం కింద, అన్నంలో ఉప్పూ ఉల్లిపాయా నంజుకుని తిన్న రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

అప్పటి నుంచి ఆడవాళ్ళు కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి, వాళ్ళ కలలు అమ్మకి చెప్పడం మొదలుపెట్టారు. పాము కనబడిందని ఒకరు, పళ్ళు ఊడిపోయాయని ఒకరు. అమ్మ పాము గురించీ పళ్ళ గురించీ ఏమీ చెప్పేది కాదు. "లేసినప్పుడు నీకు ఏడుపొచ్చినాదా, నవ్వొచ్చినాదా?" అని మాత్రం అడిగేది. ఏడుపొచ్చింది అంటే, "అయితే ఎవుల మీదో బెంగెట్టుకున్నావు, ఓపాలి ఎల్లి సూసి రా" అనేది. చాలామంది నిజంగానే వెళ్ళి చూసి వచ్చేవాళ్ళు. పుట్టింటికి వెళ్ళినవాళ్ళలో ఒకావిడకి తల్లి ఆఖరి చూపు దక్కింది. దాంతో అమ్మ పేరు పక్క బస్తీలకి కూడా పాకింది. అమ్మకి అదంతా ఇష్టమూ కాదు, అయిష్టమూ కాదు. బిందె నిండితే ఎత్తుకుని వచ్చేసేది.

నేను బి.ఎడ్. చదువుతున్న ఏడాది నాన్నకి కామెర్లు వచ్చాయి. ఆస్పత్రిలో పడ్డాడు. ఒకరోజు పొద్దున్న అమ్మ ముఖం వెలిగిపోతూ లేచింది. నాన్న సాక్చి బజారు నుంచి పనసకాయ భుజాన పెట్టుకుని నడిచి వస్తున్నట్టు, కత్తికి నూనె రాసి ఉంచమన్నట్టు కల వచ్చిందట. వార్డులో ఉన్న అందరికీ చెప్పింది. నర్సుకి తన వచ్చీరాని హిందీలో చెప్పింది. ఇంటికి వచ్చి నాన్న చొక్కాలు ఉతికి ఆరేసింది. నేను కూడా నమ్మాను. అమ్మ కల తప్పడం అంతవరకు చూడలేదు కదా.

ఆ వారంలోనే నాన్న పోయాడు.

తర్వాత కుళాయి దగ్గర ఎవరో కొత్త కోడలు, సంగతి తెలియక, తన కల చెప్పబోయింది. అమ్మ బిందె కింద చెయ్యి పెట్టి, "నాకేటీ తెల్దమ్మా. ఎవులినైనా సదువుకున్నోల్లనడుగు" అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

కానీ అమ్మ కలలు మానలేదని ఇంట్లో ఉన్న నాకు తెలుసు. అంతకుముందు పగలు నడుం వాల్చని మనిషి, మధ్యాహ్నం భోజనం కాగానే చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. పండగైనా, చుట్టాలున్నా సరే. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మీ నానకి రేత్రేల డ్యూటీ గదే" అంది, అదేదో నేను మర్చిపోయినట్టు. "పగలైతేనే ఇంటికాడుంటాడు."

"వస్తాడా?"

"ఒకోపాలి."

"ఏం మాట్లాడుకుంటారమ్మా?"

"ఏటి మాటాడతాం? ఆయన తొంగుంటాడు. నాను పక్కన కూకుంటాను."

నాన్న ఉద్యోగం రోజుల్లో కూడా వాళ్ళిద్దరి కాపురం అదే. ఆయన నిద్రపోతుంటే, ఈవిడ నన్ను చప్పుడు చెయ్యనివ్వకుండా పక్కన కూర్చుని బియ్యం ఏరుకునేది. ఆవిడ తిరిగి కోరుకున్నది కూడా సరిగ్గా అంతే.

నాకు పెళ్ళయినా అమ్మని విడిచి వెళ్ళలేదు. ఒక్కదాన్నే కూతుర్ని, మా ఆయనకి బిష్టుపూర్‌లో బట్టల షాపులో ఉద్యోగం, నాకు సాక్చిలో హిందీ టీచర్ పని. అందరం ఆ ఇంట్లోనే ఉండిపోయాం. ఒక చలికాలం పొద్దున్న అమ్మ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాస్త నలతగా ఉందని మంచం మీద ఒరిగింది. మళ్ళీ లేవలేదు.

ఇక రావలసింది కలలోకే. నేను ఎదురుచూశాను. అత్త కలలోకి వచ్చింది. మా ఆయన కలలోకి కూడా వచ్చి, షాపులో జాకెట్టు ముక్క బేరమాడి, కొనకుండా వెళ్ళిపోయిందట. నాకు మాత్రం బడి గంటలు, పరీక్ష పేపర్లు, ఎక్కడానికి దొరకని ఆటోలు. అమ్మ మంచం మీద పడుకున్నాను. ఆవిడ పాత చీర మడిచి తలగడ కింద పెట్టుకున్నాను. సెలవురోజుల్లో ఆవిడలాగే మధ్యాహ్నం చాప వేసుకున్నాను. కళ్ళు మూసుకుని ఆవిడ ముఖాన్ని ఒక్కొక్కటిగా, ముక్కుపుడక, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, గడ్డం కింద మచ్చ, గుర్తు తెచ్చుకుంటూ నిద్రలోకి జారాలని చూశాను. నిద్ర వచ్చేది. ఆవిడ వచ్చేది కాదు.

గుడి పంతులుగారిని అడిగాను. ఆయన మంచివాడు, తొందరపడకుండా విన్నాడు. "కోరికలు మిగిలినవాళ్ళు కనిపిస్తారమ్మా. మీ అమ్మగారు నీ దగ్గర నుంచి తృప్తిగా వెళ్ళారు. నీతో ఆవిడకి బాకీ ఏమీ లేదు" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. ఆటోలో ఇంటికి వస్తూ దారంతా కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆవిడకి తృప్తిగానే ఉండొచ్చు. నా సంగతేమిటి?

అన్నిటికంటే కష్టమైంది మా అమ్మాయి కల. తను కాలేజీలో చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. అమ్మ తెలుగులో తిట్టేది, ఇది హిందీలో ఎదురు చెప్పేది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఒకరోజు అది పళ్ళు తోముకుంటూ వచ్చి, "మమ్మీ, నానీ సపనే మే ఆయీ థీ" అంది.

కలలో అమ్మమ్మ వచ్చి తనకి జడ వేసిందట. నూనె పెట్టి, బిగించి, నొప్పి పుట్టేలా.

"ఏమంది?" అన్నాను.

ఏమందో గుర్తులేదు గానీ, హిందీలో మాట్లాడింది, ఎంత బాగా మాట్లాడిందో తెలుసా, అంది నా కూతురు ఆశ్చర్యపోతూ. అమ్మ బతికుండగా ఆటోవాడితో రెండు ముక్కలు మాట్లాడాలన్నా నా చెయ్యి పట్టుకునేది. మనవరాలి కోసం చనిపోయాక హిందీ నేర్చుకుందన్నమాట. ఆ రోజు బడిలో నేను పాఠం సరిగ్గా చెప్పలేకపోయాను.

చివరికి పోయిన శీతాకాలంలో, తెల్లవారుజామున, నాకు ఒక కల వచ్చింది. టాటానగర్, మా ఊరి స్టేషన్. బండి అప్పుడే వెళ్ళిపోయినట్టుంది, ప్లాట్‌ఫారం ఖాళీ అవుతోంది. నేను ఎక్కడికో తొందరగా పోతున్నాను. ఒక పడుచుపిల్ల, పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటాయి, కాళ్ళకి పసుపు, చేతిలో దుప్పటి మూట, నాకు అడ్డం వచ్చింది. కొంగు చివర చుట్టి పంటితో కొరుకుతోంది. "అప్పా, నది కాడ బస్తీకి ఎలగెల్లాల?" అని, మా వైపు అక్కని పిలిచే పిలుపుతో అడిగింది. బయటికి వెళ్తే ఆటోలు ఉంటాయని, పెద్ద రోడ్డు మీద దిగి నడవాలని చెప్పాను. తల ఊపింది. నేను నా దారిన వెళ్ళిపోయాను.

లేచి, స్టవ్ వెలిగించి, పాలు పెట్టాను. పాలు పొంగుతుండగా తెలిసింది. భయం వేసినప్పుడల్లా, డాక్టరు ముందైనా, బ్యాంకులోనైనా, అమ్మ కొంగు చివర అలాగే కొరికేది. ఆ వయసులో అమ్మ ఎలా ఉండేదో నేనెరగను. అప్పటి ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆవిడే వచ్చింది. ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజున, నేనింకా ఎక్కడా లేని రోజున వచ్చింది. నన్ను అప్పా అని పిలిచింది. నేను దారి చెప్పి వదిలేశాను. మూట అయినా అందుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం, కూరగాయలకని ఇంట్లో చెప్పి, స్టేషన్‌కి వెళ్ళాను. ప్లాట్‌ఫారం టికెట్ కొని, విశాఖపట్నం వైపు నుంచి వచ్చే బండి కోసం నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. కల నిజమవుతుందని కాదు. ఒకవేళ అయితే, ఈసారి తయారుగా ఉండాలనుకున్నాను. బండి ఆలస్యంగా వచ్చింది. జనం దిగారు. మన మాటలు అక్కడక్కడా చెవిన పడ్డాయి, "ఇటు రా", "ఆ సంచీ ఏదీ" అంటూ. కొత్త పెళ్ళికూతురు ఒకామె కూడా దిగింది. ఆమె చేతిలో ఫోన్ ఉంది, ఎదురు రావడానికి మొగుడూ మరిదీ ఉన్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా నిలబడి, కూరగాయలు కొనడం మర్చిపోయి ఇంటికి వచ్చాను.

"సబ్జీ?" అంది మా అమ్మాయి, ఖాళీ సంచీ చూసి.

అప్పుడు చెప్పాను. కల, స్టేషన్, అంతా. అది సంచీ పక్కన పెట్టి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నానీ ఏ భాషలో అడిగింది?" అంది, హిందీలోనే.

"తెలుగులో."

"ఎలా అడిగింది? చెప్పు."

చెప్పాను. అది పెదవులతో లోపల్లోపల అనుకుని, తర్వాత పైకి అంది: "అప్పా, నదీ కాడ బస్తీకి ఎలగెల్లాల?"

"నదీ కాదే, నది" అన్నాను. "అంత సాగదియ్యకు."

"నది" అంది. "నది కాడ."