నాలుగొందల పదిహేడో నంబరు తాళం

గురువారం పదీ నలభైకి మా షెడ్డు ముందు రెండుసార్లు హారన్ మోగుతుంది. ఆ మోత వినగానే కారు కింద పడుకున్నవాడు దొర్లుకుంటూ బయటికొస్తాడు, ఇంజన్లో తల దూర్చినవాడు తల బయటికి తీస్తాడు. వెర్నా స్టోల్జ్ పనిముట్ల బండి వచ్చిందన్నమాట. పక్కన ఒకే తలుపు, రెండు మెట్లు. లోపల గోడ కనబడకుండా పానాలు, సాకెట్లు, స్క్రూడ్రైవర్లు. ఎవరు ఏం కొన్నా కొనకపోయినా పది నంబరు సాకెట్ ఒకటి మాత్రం వారం వారం అమ్ముడవుతుంది. అన్నిటికంటే ఎక్కువ వాడేది అదే, అన్నిటికంటే ముందు పోయేదీ అదే. "పోయిన వారం కొన్నదాన్ని తిన్నావా ఏంటి?" అంటుంది వెర్నా, ఇస్తూనే.

అరవై ఒకటి ఆమెకి. ఈ రూటు ముందు ఆమె మొగుడిది. ఆయన గుండె ఆగి పోయిన పదిహేనో రోజున ఆమె స్టీరింగ్ పట్టుకుంది. జేన్స్‌విల్ మెకానిక్కులందరం నవ్వుకున్నాం. నెల తిరిగేసరికి, ఇంజన్ చప్పుడు విని ఏ పానా కావాలో బండిలోంచే చెప్తోందని ఆ నవ్వు మానుకున్నాం.

వెర్నాలో రెండు గుణాలున్నాయి. మిగతా బండ్లవాళ్ళు రూటులో ఉన్న షెడ్లకే అమ్ముతారు, దారిన పోయేవాడు మెట్టెక్కితే దింపేస్తారు. ఈమె దింపదు. "బండెక్కినోడు నా మనిషే" అంటుంది. రెండోది, ఎదుటి మనిషి బాధ చూడలేదు. ఏడ్చే పిల్లాడికి చందమామని దింపిస్తానని మాటిచ్చే రకం. మొదటి గుణాన్ని ఊరంతా మెచ్చుకుంది. రెండోదాని సంగతి ఈ ఏడాది దాకా ఎవరికీ పట్టలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఎవరో మా షెడ్డు వెనక షట్టర్ కోసి లానీ ప్రాథర్ పెట్టె ఎత్తుకుపోయారు. చక్రాల మీద నిలబడే ఛాతీ ఎత్తు ఎర్ర పెట్టె, నిండా ఇరవై మూడేళ్ళ పనిముట్లు. మా పనిలో షెడ్డు ఓనరుది, పనిముట్లు ఎవడివి వాడివి. అవి లేని మెకానిక్కు కత్తెర లేని దర్జీతో సమానం. సోమవారం పొద్దున పెట్టె ఉన్నచోట నేల మీద శుభ్రంగా మిగిలిన నలుచదరంలో లానీ చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, ఆ రోజు పొట్టిగా కనబడ్డాడు.

గురువారం వెర్నా వచ్చి సంగతి విని అతని భుజం పట్టుకుంది.

"తాళం వేసే ఉందిగా?"

"ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది."

"తాళం మీద నంబరు నాలుగొందల పదిహేడు. నేనే అమ్మాను, నాకు గుర్తే. ఈ రాష్ట్రం మొత్తం మీద ఆ నంబరు తాళం ఇంకోటి లేదు. పగలగొడితే పెట్టె సగం ధరకి కూడా పోదు. ఎప్పటికైనా ఆ నంబరు చెవి కోసం, అవి అమ్మే ఏదో ఒక బండెక్కాల్సిందే వాడు. అన్ని బండ్లవాళ్ళకీ చెప్తాను. దొరుకుతాడు, చూడు."

లానీ ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. మేమూ నమ్మాం. దొంగ గడ్డపార వాడతాడుగానీ తాళంచెవి కోసం తిరుగుతాడా అని ఒక్కడికీ తోచలేదు. మేమే తోచనివ్వలేదేమో.

మరుసటి వారం పక్క ఊరు న్యూవార్క్‌లో ఒక ముసలి మెకానిక్కు పని మానేస్తూ మొత్తం సెట్టు చవగ్గా ఇస్తానని కబురు పంపాడు. "నాది దొరుకుతుందిగా, ఎందుకు" అని లానీ వద్దన్నాడు. అప్పుడు వెర్నా అక్కడే ఉంది, పలకలేదు. ఆ తర్వాత ఓనరు హాస్కెల్ కూడా గట్టిగానే చెప్పేశాడు. "అరువు పానాలతో ఎన్నాళ్ళు లాగుతావు లానీ? వచ్చే సోమవారానికి నీ పనిముట్లు నీకుండాలి. లేకపోతే ఇంకో మనిషిని చూసుకుంటాను." ఆ సోమవారానికి నాలుగు రోజుల ముందు, మార్చి మూడో గురువారం, నేను చెప్పదలచుకున్నది జరిగింది.

మేం కొనుక్కోవాల్సినవి కొనుక్కుని లోపలికొచ్చేశాం. బండి ఇంకా కదల్లేదు. ఎదుట లాండ్రీ వైపు నుంచి గోధుమరంగు కోటు వేసుకున్న ముసలాయన ఒకడు రోడ్డు దాటి బండెక్కడం నేను చూశాను. లోపల ముందు ఏమైందో వెర్నా తర్వాత చెప్పింది.

"మేడమ్, బయటివాళ్ళకి అమ్ముతారా?"

"ఎక్కారుగా, ఇంకా బయటివాళ్ళేంటి. ఏం కావాలి?"

"పనిముట్ల పెట్టెకి తాళంచెవి. నంబరు రాసుకొచ్చాను."

కాగితం మీద నాలుగు, ఒకటి, ఏడు. కాళ్ళ కింద బండి కదిలినట్టయిందట ఆమెకి.

"పెట్టె మీదేనా?"

ఆయన కోటు గుండీ సర్దుకుని, "మా ఇంట్లో ఉంది" అన్నాడు.

"ఇల్లెక్కడ?"

"కాస్త దూరమే. ఇంకో మాట మేడమ్. మీ రూటులో ఎవరికైనా పనిముట్లు కావాలేమో కనుక్కుంటారా? పెట్టె నిండా ఉన్నాయి. ధర ఎక్కువ చెప్పను."

ఆ మాటతో వెర్నాకి అనుమానం కూడా మిగల్లేదు. ఎత్తుకుపోయిన సరుకుని తన చేతే అమ్మించడానికి వచ్చాడనుకుంది. తాళంచెవుల గుత్తి దించి ఒక్కోటీ వెతుకుతున్నట్టు నటిస్తూ, బల్ల కింద రెండో చేత్తో లానీకి ఫోన్లో మెసేజ్ కొట్టింది. "417 నా బండిలో ఉంది. రా."

లానీ ఆ ఫోన్ నాకు చూపించాడు. సాకెట్ తిప్పే రెండడుగుల ఇనప కడ్డీ అందుకుని నడిచాడు. నేనూ, ఇంకో ఇద్దరూ వెనకే వెళ్ళాం. అతను కడ్డీ ఎత్తుతాడేమోనని నేనే ముందు మెట్టెక్కాను. మేం తలుపుకి అడ్డంగా నిలబడితే ఇక లోపలున్నవాడికి దారి లేదు.

"నా పెట్టె ఎక్కడ?" నా భుజం మీంచి అడిగాడు లానీ.

"ఏ పెట్టె?"

"ఎర్రది. నాలుగొందల పదిహేడు."

"నంబరు అదే. మాది పచ్చది, బాబూ."

"రంగెయ్యడం ఎంతసేపు తాతా," అన్నాను నేను. "ఇల్లెక్కడో చెప్పు. వెళ్ళి చూసొద్దాం."

ఆయన కడ్డీని చూశాడు, మమ్మల్ని చూశాడు. "నలుగురు ఇనుము పట్టుకుని అడిగితే ఇంటి దారి చూపించేంత వెర్రిబాగులవాణ్ణి కాదు."

"చెప్పకపోతే ఇక్కడే చెప్పిస్తాం," అన్నాడు లానీ. అతని గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "ఆ నంబరు ఇంకోటి లేదు. ఉందా వెర్నా? చెప్పు ఈయనకి."

వెర్నా ముసలాయన్నే చూస్తోంది. "ఏం పచ్చ?" అనడిగింది, మెల్లగా.

"బస్సు డిపో పచ్చ."

ఆమె ముఖం పాలిపోయింది. భయపడిందనుకున్నాను. ఆ పచ్చ పెట్టెలు ఒకప్పుడు డిపోకి అమ్మింది ఆమె మొగుడే. ఇప్పుడెవడూ వెయ్యమన్నా వెయ్యలేని రంగది. ముసలాయన చెప్పేది నిజమని ఆమెకి ఆ క్షణమే తెలిసింది. నోరు తెరిచింది. చెప్తే మూడు వారాల కిందటి మాట లానీ ముందు బయటపడుతుంది. రెండు ఊపిరులు తీసేంతసేపు ఆగింది.

ఆ రెండు ఊపిర్లలో నేను చేసింది చేశాను. ఆయన కాలర్ పట్టుకుని తలుపు వైపు లాగాను. ఆయన కాలు తడి మెట్టు మీద పడి జారింది. నా పక్కనుంచే కిందికి పోయాడు, కళ్ళజోడు ముందు, మనిషి తర్వాత. కనుబొమ్మ చిట్లి నెత్తురొచ్చింది. లానీ కడ్డీ పైకి లేచింది.

వెర్నా మెట్లు దిగలేదు, దూకింది. కడ్డీకీ ఆయనకీ మధ్య నిలబడింది.

"ఆగు లానీ. కంపెనీ చేసేది ఆరొందల రకాల తాళాలే. ఆ తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఈ రాష్ట్రంలో ఎన్ని నాలుగొందల పదిహేడో నంబర్లున్నాయో నాకే తెలీదు. నీతో అబద్ధం చెప్పాను."

లానీ చెయ్యి గాల్లోనే ఉంది. "ఎందుకు?"

"ఆ రోజు నీ ముఖం చూడలేకపోయాను."

"న్యూవార్క్ ఆయన మొత్తం సెట్టు ఇస్తానంటే వద్దన్నాను. నువ్వు పక్కనే నిలబడి విన్నావు."

"విన్నాను."

"నువ్వు ఆ రోజే పోయిందని చెప్పుంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి వెర్నా. ఈ పాటికి సగం కొనుక్కునుండేవాణ్ణి."

కడ్డీని మెట్టు మీద పెట్టాడు. విసిరినా బాగుండేది. నెమ్మదిగా పెట్టి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ముసలాయన నేల మీదే కూర్చుని కళ్ళజోడు ముక్కలు రెండూ కలిపి చూసుకుంటున్నాడు. వెర్నా ఇచ్చిన గుడ్డ నుదుటికి అదుముకున్నాడు. లేపడానికి నేను చెయ్యి చాస్తే ఆ చేతిని చూసి, మెట్టు పట్టుకుని తనే లేచాడు.

"తాళంచెవి ఉందా లేదా మేడమ్?"

ఆమె గుత్తిలోంచి తీసిచ్చింది. డబ్బులొద్దంది. ఆయన జేబులోంచి ఆరు డాలర్లు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను బేరానికొచ్చాను," అన్నాడు. వెళ్ళబోతూ ఆగాడు. "పెట్టె నాదేనా అనడిగారు. నాది కాదు. మా ఆవిడ ఆర్లిన్‌ది. ఇరవై ఆరేళ్ళు డిపోలో బస్సులు బాగుచేసింది. నవంబరులో పోయింది. చెవి ఎక్కడ పెట్టిందో ఎంత వెతికినా దొరకలేదు. అమ్మితే పనిచేసేవాడికే అమ్మమంది."

సోమవారం లానీ రాలేదు. ఊరవతల గోడౌన్లో పార్సిళ్ళు మోసే పనిలో చేరాడని విన్నాం. చేతిలో అంత పనితనమున్నవాడు అట్టపెట్టెలు మోస్తున్నాడంటే నాకు అన్నం సహించలేదు.

గురువారం పదీ నలభైకి హారన్ రెండుసార్లు మోగింది. నేను కారు కిందనుంచి రాలేదు. కాసేపటికి వెర్నా బూట్లు నా తల దగ్గరికొచ్చి ఆగాయి.

"ఆ ముసలాయనొచ్చాడు, ఆంబ్రోజ్ గారు. లానీని అడుగుతున్నాడు. వాడు నా ఫోన్ ఎత్తడం లేదు. నువ్వు చెయ్యి విన్స్."

"ఆయన ముందుకి నేను రాలేను."

"ఆయన కాలర్ నీ చేతికిచ్చింది నేనే. నేను నిలబడ్డాను ఆయన ముందు. లే."

లేచాను. ఆ మెట్టెక్కడానికి ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ముసలాయన లోపల నిలబడి ఉన్నాడు. కనుబొమ్మ మీద పట్టీ, కళ్ళజోడుకి నల్ల కరెంటు టేపు.

"లాగినవాడివి నువ్వే కదూ?"

"నేనేనండి. తప్పయింది."

"చేతిలో బలం బాగానే ఉంది. బుర్ర సంగతే తెలీదు," అన్నాడు. "వారమంతా ఆలోచించాను. మొదట ఈ ఊళ్ళో ఎవడికీ అమ్మకూడదనుకున్నాను. కానీ ఆ కడ్డీ ఎత్తినతను పెట్టె కోసం మనిషిని కొట్టేదాకా వచ్చాడంటే, వాడు దాంతో పనిచేసేవాడే అయ్యుండాలి. ఆర్లిన్ పెట్టె ఎవరైనా ఎత్తుకుపోయుంటే తను నా మాట కూడా వినేది కాదు. ఏడీ అతను?"

లానీ నాలుగో రింగుకి ఎత్తాడు. "ఆ నంబరు సంగతైతే ఫోన్ పెట్టేస్తున్నాను విన్స్," అన్నాడు. నేను స్పీకర్ ఆన్ చేసి ఫోన్ ముసలాయన చేతికిచ్చాను.

"నేను బాబూ, పచ్చ పెట్టె మనిషిని. చెవి సరిపోయింది, తెరిచాను. పనిముట్లన్నీ నూనె రాసి పెట్టింది. నువ్వు తీసుకుంటావా?"

అవతల గోడౌన్ మోత వినబడుతోంది. వెర్నా తాళంచెవుల గుత్తి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"పది నంబరు సాకెట్ ఉందా అందులో?" అన్నాడు లానీ.

"తొమ్మిదుంది, పదకొండుంది. పది లేదు. అరలన్నీ దులిపాను."

ఫోన్లోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "అయితే అది మెకానిక్కు పెట్టే," అన్నాడు. "ఆదివారం వస్తాను. ఇల్లెక్కడో చెప్తారా?"

ఆయన చెప్పాడు. వెర్నా మొహం అటు తిప్పుకుంది.

నెల తిరక్కుండా లానీ పచ్చ పెట్టె తోసుకుంటూ మా షెడ్డుకి తిరిగొచ్చాడు. హాస్కెల్ మారు మాట్లాడలేదు. ఆంబ్రోజ్ గారు అప్పుడప్పుడూ వచ్చి, పెట్టె పక్కన స్టూలు వేసుకుని, లానీ పానాలు ఎక్కడివక్కడ పెడుతున్నాడో లేదో చూస్తుంటారు. అంతా సర్దుకుందనే అంటారు చూసినవాళ్ళు. కానీ లానీ మళ్ళీ వెర్నా బండెక్కలేదు. గురువారం హారన్ మోగగానే మేమంతా బయటికి నడుస్తాం, అతను ఇంజన్లోకి ఇంకాస్త వంగుతాడు. వెర్నా తలుపు దగ్గర నిలబడి, మా అందరి బేరాలూ అయ్యాక కూడా ఐదు నిమిషాలు ఆగి చూసి వెళ్తుంది.

పోయిన వారం లానీ నా జేబులో డబ్బులు కుక్కి, ఏం కావాలో చెవిలో చెప్పాడు. మళ్ళీ బండెక్కి అడిగాను, పది నంబరు సాకెట్. వెర్నా తీసింది గానీ వెంటనే ఇవ్వలేదు.

"ఇందాకేగా ఒకటి కొన్నావు. ఇదెవరికి?"

"నాకే," అన్నాను.

ఆమె గుడ్డతో దాన్ని రెండుసార్లు తుడిచి నా చేతిలో పెట్టింది.