ముప్పై మూడు సెకన్ల చుక్క

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందని వేపమండలు తెస్తుంటే, నేను థర్మామీటర్ పట్టుకుని వెళ్ళేవాణ్ణి. మార్కాపురం బడిలో సైన్సు చెప్పేవాణ్ణి మరి. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

యుద్ధం రోజులవి. మా బడిలోనే చిన్న క్లాసులకు చెప్పే ప్రభుదాసు, రాచర్ల దగ్గర కూలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబం వాడు. బడికున్న చిన్న టెలిస్కోపులో చుక్కలు చూడ్డం నా దగ్గరే నేర్చుకున్నాడు. ఏడాది తిరక్కుండానే నన్ను మించిపోయాడు. నేను వెతికి వెతికి పట్టుకునే చుక్కను వాడు ఇట్టే పట్టేసేవాడు. పైకి మెచ్చుకునేవాణ్ణి. లోపల కడుపు మండిపోయేది.

అప్పుడే మద్రాసులో చుక్కలను కొలిచే ఒక ఆఫీసుకు సహాయకుడు కావలసివచ్చాడు. దరఖాస్తుతో పాటు ఒక చుక్కను సొంతంగా కొలిచి పంపాలి. ఉద్యోగం ఒక్కటే. ఇద్దరం పెట్టాం.

కొలిచే పద్ధతి తేలికే. టెలిస్కోపును కదలకుండా బిగించి, కన్ను పెట్టి చూసే అద్దంలో నిలువుగా ఒక వెంట్రుక అంటించేవాళ్ళం. పెద్ద చుక్క ఆ వెంట్రుకను దాటాక, పక్కనున్న చిన్న చుక్క ఎన్ని సెకన్లకు దాటుతుందో లెక్కపెట్టాలి. ఒకరు చూస్తే ఇంకొకరు గడియారం పట్టుకోవాలి. కాగితానికి కరువు, పలకలకు మా ఊళ్ళో కొదవ లేదు. అందుకని ముందు పలక మీద రాసి, అంతా అయ్యాక కాగితానికి ఎక్కించేవాళ్ళం.

వాడి చుక్కకు గడియారం పట్టింది నేనే. మూడు సాయంత్రాలూ 33 సెకన్లు. ఏళ్ళనాటి పాత చుక్కల పట్టికలోనూ అదే.

"నీ రాత బాగుంటాది గదన్నా, నువ్వే ఎక్కించు," అని పలక నా చేతికిచ్చి వెళ్ళాడు.

పలక మీద మూడు చోట్లా చివరి 3ను 8 చేశాను. బలపంతో రెండు చిన్న వంపులు, అంతే. కాగితం మీదా 38 అనే ఎక్కించాను. కదలని చుక్క కదిలిందని రాస్తే మద్రాసులో నవ్వి పక్కన పడేస్తారని నా ఆశ. ఆ సాయంత్రం ఒక్కణ్ణే గడియారం టిక్కులు వింటూ మళ్ళీ చూశాను. 33. ధైర్యంగా పోస్టులో వేశాను.

నెలన్నరకు జవాబొచ్చింది. ఉద్యోగం ప్రభుదాసుకు. వాళ్ళు ఫొటో తీసి చూస్తే చుక్క సరిగ్గా 38 దగ్గరే ఉందట. పాత ఫొటోలు బయటికి తీస్తే, ఏటేటా కొంచెం కొంచెంగా జరుగుతూనే వచ్చిందట. అంత వడిగా కదులుతోందంటే అది మనకు బాగా దగ్గరి చుక్క అయి ఉండాలని, ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదని మెచ్చుకుంటూ రాశారు.

వాడు ఉత్తరం రెండుసార్లు చదివాడు. "ఇదేందన్నా? మనం లెక్కపెట్టింది ముప్పై మూడు గదా?"

"నీకు గుర్తులేదు. ముప్పై ఎనిమిదే," అన్నాను.

"నువ్వు చెప్తే అంతేలే అన్నా," అని నా చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

ఆ సాయంత్రం నేనొక్కణ్ణే గడియారం చెవి దగ్గర పెట్టుకుని పదిసార్లు చూశాను. పదిసార్లూ 38.

లెక్క తప్పి ఉంటానని మీరంటారు. నాలుగు సాయంత్రాలూ అదే తప్పా? నాకిప్పటికీ అంతు చిక్కలేదు.

వాడు మద్రాసుకు రైలెక్కిన రోజు నాకు భయం కంటే అసూయే ఎక్కువైంది. చెడగొడదామని నేను రాసిన అంకెను కూడా ఆకాశం వాడి కోసం నిజం చేసిపెట్టింది. నా చుక్కను నేనెంత నిజాయితీగా కొలిచి పంపానో! దానికి జవాబే రాలేదు.