మిద్దె ఎక్కనివాళ్ల పూచీ

ఎర్రగుంట్లలో మా అక్క మెస్సు నడిపేది. సిమెంటు ఫ్యాక్టరీలకు వచ్చే లారీ డ్రైవర్లు, క్లీనర్లు మధ్యాహ్నం ఆమె హాల్లో కూర్చుని సంగటి తినేవాళ్లు. బావ పోయాక ఆ హాలే ఆమెకు ఆధారం. అది మట్టిమిద్దె. కట్టె దూలాల మీద నాపబండలు పరిచి, వాటి మీద మట్టి, ఆపైన చౌడుమన్ను వేసిన పాతకాలపు కప్పు. చౌడు తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు తెచ్చి పరవాలి. మా వైపు ఇది ఇంటికి సున్నం కొట్టించినంత మామూలు పని.

ఆ పని చేసే మనిషి ఫ్యాక్టరీలో లోడింగు కూలికి వెళ్లిపోయాడు. ఇంకొకరు దొరకలేదు. మిద్దె అక్కడక్కడా కారడం మొదలైంది.

"ఈ వానలకు హాలు కారితే డ్రైవర్లు పక్క మెస్సుకు పోతారురా. పోయినోళ్లు మళ్లా రారు" అంది అక్క ఫోనులో. ఆమె గొంతులో భయం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

నేను అప్పుడు కర్నూల్లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. రెండు వేల దశకం చివరి రోజులవి. ప్రెస్సు కంప్యూటరుకు నెట్టు కొత్తగా వచ్చింది. ఏ పనికి ఏ మనిషి కావాలన్నా చూపించే సైటు ఒకటి ఉందని మా ఓనరు చెప్పాడు. చూస్తే, కడప జిల్లా మిద్దె పనివాళ్లలో అందరికంటే పైన ఒక మేస్త్రీ పేరుంది. పేరు పక్కన పచ్చముద్ర, నమ్మదగినవాడని. కింద నిండుగా నక్షత్రాలు.

నేను గుడ్డిగా నమ్మలేదు. సైటువాళ్లకు ఫోన్ చేసి, మట్టిమిద్దె పని అతనికి తెలుసా అని అడిగాను.

"అన్నీ చూసే పెట్టాం సార్. మా దగ్గర ఉన్నవాళ్లంతా మేం పరీక్షించినవాళ్లే" అన్నాడు ఫోనెత్తిన కుర్రాడు. తడుముకోలేదు కూడా.

మేస్త్రీ వచ్చాడు. చౌడు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది, ఉన్న పాత చౌడు మీదే సిమెంటు కాంక్రీటు పోస్తే ఇక ఏటేటా ఈ బాధ ఉండదు అన్నాడు. అక్క నాకు ఫోన్ చేసింది.

"చౌడు మీద సిమెంటంట. యాడన్నా విన్యామా? నాకు మనసొప్పడం లేదు."

"పరీక్షించి పెట్టినోళ్లక్కా. వాళ్లకు తెలీదా" అన్నాను.

ఆ మాట అన్నందుకు తర్వాత బంధువులంతా నన్నే తప్పుపట్టారు. మెస్సు పక్కన కిరాణా అంగడి శెట్టి అయితే "చదువుకున్నోనివి, కంప్యూటర్లో మేస్త్రీని వెతుకుతావా అబ్బీ" అని నవ్వాడు. తప్పు నాదని నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. అడగాల్సింది అడిగాను. పరీక్షించామని నోటితో చెప్పారు. అబద్ధం ఆడినవాణ్ణి వదిలేసి నమ్మినవాణ్ణి తిట్టడం మనవాళ్లకు బాగా అలవాటు.

మా వైపు ఎండకు కొత్త సిమెంటు వానలు రాకముందే నెర్రెలిచ్చింది. వానలొచ్చాక నీళ్లు ఆ నెర్రెల్లోంచి దిగాయి. కింద ఉన్న మట్టి ఆ నీళ్లు తాగింది. మామూలుగా అయితే ఎండ కాయగానే మిద్దె ఆరిపోతుంది. పైన సిమెంటు మూత ఉంటే ఎలా ఆరుతుంది? తడిసిన మట్టి బరువు, దానిమీద కాంక్రీటు బరువు, రెండూ ఆ పాత దూలాల మీదే పడ్డాయి.

ఒక మధ్యాహ్నం భోజనాలు ముగిసి అక్క నేల తుడుస్తుండగా నడిమి దూలం విరిగింది. బండ ఒకటి ఆమె కుడిభుజం మీద పడింది. బయట చేతులు కడుక్కుంటున్న డ్రైవరు లోపలికి దూరి ఆమెను లాగకపోతే అక్క మాకు దక్కేది కాదు. అతనే ప్రొద్దుటూరు ఆసుపత్రికి తన లారీలో తీసుకెళ్లాడు.

ప్రాణం నిలిచింది కానీ చెయ్యి పైకి లేవలేదు. సంగటి కెలకాలంటే భుజంలో బలముండాలి. రాగిపిండి ముద్దకట్టేదాకా కట్టె తిప్పుతూనే ఉండాలి. ఇరవై ఏళ్లుగా చేసిన ఆ పని అక్కకు ఇక చేతకాదని డాక్టరు మామూలుగా, మందుల గురించి చెప్పినట్టే చెప్పాడు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

సైటువాళ్లకు ఫోన్ చేశాను. "మేం సమాచారం మాత్రమే ఇస్తాం సార్. పనికీ మాకూ సంబంధం లేదు. కింద రాసే ఉంటుంది చూడండి" అన్నారు. నిజమే, రాసే ఉంది. పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో. రోజంతా ప్రూఫులు దిద్దే నాకే అది కనబడలేదు. పచ్చముద్ర మాత్రం బొటనవేలంత ఉంది.

మేస్త్రీని వెతుక్కుంటూ కడప వెళ్లాను. కొట్టాలనే వెళ్లాను. అతను అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"నేను మట్టిమిద్దె ఎప్పుడూ ముట్టలేదప్పా. స్లాబులు పోసేటోణ్ణి. ఆయమ్మ పని పోగొట్టుకోలేక తెలుసని అబద్ధమాడినా. నాదే తప్పు" అన్నాడు.

"మరి నిన్ను పరీక్షించినారంట గదా?"

"ఎవురు? ఎవురూ రాలేదు. ఫోన్ చేసి, దుడ్డు కడితే నీ పేరు పైన పెడతామన్యారు. కట్టినా. ముద్ర కూడా దాంట్లోనే వచ్చింది."

కొట్టాలని లేచిన చెయ్యి కిందికి దిగింది. కోపం మాత్రం దిగలేదు. అతను కనీసం తప్పు తనదన్నాడు.

తెలిసిన వకీలు దగ్గరికి వెళ్తే, మేస్త్రీ మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేయొచ్చన్నాడు. సైటు మీద మాత్రం కష్టమన్నాడు. "మీరు వాళ్లకు పైసా ఇవ్వలేదు కదా. చట్టం లెక్కలో మీరు వాళ్ల వినియోగదారులే కారు. ఇట్లాంటి సైట్లకని ఇంకా రూలు రాలేదు" అన్నాడు.

ఆయన మీద కోపం లేదు, ఉన్నది చెప్పాడు. కానీ ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడదు. మేస్త్రీ డబ్బు కట్టింది ఎవరిని చూసుకుని? మమ్మల్నే కదా. మేం సరుకుగా పనికొస్తాం, వినియోగదారులుగా పనికిరామా? సంతలో ఎద్దును అమ్మిపెట్టే బేరగాడు కూడా ఇద్దరి దగ్గరా ముఖం చెల్లాలని కాస్త భయపడతాడు. డబ్బు కట్టినవాణ్ణి పైన పెడితే, డబ్బు కట్టాడు కాబట్టి పెట్టామని అంతే పెద్ద అక్షరాల్లో రాయమనాలి. పరీక్షించామంటే ఎవరు, ఎప్పుడు, ఏ మిద్దె ఎక్కి చూశారో చెప్పమనాలి. ఈ మాత్రం రూలు రాయడానికి మహామహులు అక్కర్లేదు. జరిగిందంతా నేను ఆ సైటులోనే రాసి పంపాను. పరిశీలనలో ఉంది అని వచ్చింది. మేస్త్రీ నక్షత్రాలు మాత్రం అట్లాగే మెరుస్తూ ఉన్నాయి.

తర్వాతి ఎండాకాలం అక్క పెరట్లో రేకుల పందిరి వేసి మెస్సు మళ్లీ తెరిచింది. సంగటి కెలకడానికి ఒకామెను పెట్టుకుంది. వడ్డన తనే, ఎడమచేత్తో. పాత డ్రైవర్లలో కొందరే తిరిగి వచ్చారు. నేను వెళ్లిన రోజు వడ్డన మధ్యలో ఫోన్ మోగింది. చెయ్యి ఖాళీ లేక గట్టిగా వినిపించేలా పెట్టి బల్ల మీద ఉంచింది.

ఒక ఆడపిల్ల గొంతు. ఆ సైటు పేరే చెప్పింది. నేను ఫోను లాక్కోబోతే అక్క కళ్లతో వద్దంది.

"మీ మెస్సును మా సైటులో పైన పెడతాం మేడమ్. నమ్మదగినదని ముద్ర కూడా వస్తుంది. ఫీజు కొంచెమే."

"ముద్ర ఎవరేస్తారు తల్లీ?"

"మేమే మేడమ్."

"మీరు ఎప్పుడొచ్చి తిన్యారు?"

"తినడం అవసరం లేదు మేడమ్. మీరు వివరాలు చెబితే చాలు."

పందిరి కింద తింటున్నవాళ్లు చేతులాపి వింటున్నారు.

"నా సంగటి తిననోళ్లు అది బాగుండాదని ఊరికంతా ఎట్ల చెప్తారమ్మా? ముందు ఈడికొచ్చి కూచోని తిను. దుడ్డేమీ వద్దు. తిన్నాక నీకేమనిపిస్తే అది రాసుకో."

"మేం ఎక్కడికీ రాం మేడమ్. ఆఫీసులోంచే."

"తెలుసులేమ్మా" అంది అక్క. "మా మిద్దె మీదికీ అట్లనే రాలేదు."

మోచేత్తో ఫోను పక్కకు నెట్టి, ఎదురుగా ఉన్న డ్రైవరు కంచంలో ఇంకో ముద్ద పెట్టింది.