వెనక బండికి సైడు

కారు పందెంలో వెనక వచ్చేవాడికి మర్యాదగా దారి ఇచ్చే మనిషి ఎక్కడైనా ఉన్నాడంటే అది పత్తికొండ లారీ డ్రైవరు హనుమేషే. కంప్యూటర్ తెర మీద మిగతా కార్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ దూసుకుపోతుంటే, ఈయన కారు ఒక్కటీ ఎడమ అంచుకు జరిగి, వేగం తగ్గించి, పోయేవాళ్లను పోనిచ్చేది. అందరూ వెళ్లిపోయాక తీరిగ్గా చివరి గీత దాటి, ఒంటిమీద దుమ్ము కూడా పడకుండా ఇల్లు చేరినవాడిలా కుర్చీలో వెనక్కి వాలేవాడు. కూతురు భువన తల పట్టుకునేది.

ఆ ఆటను ఇంటికి తెచ్చింది భువనే. కర్నూలులో కంప్యూటర్ కోర్సు చదువుతున్న ఆ పిల్ల, సెలవులకు వస్తూ స్నేహితురాలి దగ్గర ఒక జాయ్‌స్టిక్ అడిగి పట్టుకొచ్చింది. చిన్న నల్లటి డబ్బా, దాని మీద నిలువుగా ఒక పిడి. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఆ పిడితోనే తెర మీద కారు నడపొచ్చు. ముందుకు తోస్తే వేగం, వెనక్కి లాగితే బ్రేకు, పక్కకు వంచితే మలుపు. తండ్రికి కాలక్షేపం కావాలని తెచ్చింది కాదు. హనుమేష్ కుడి మోచేయి విరిగి అతుక్కుంది గానీ, సగానికి మించి సాగడం లేదు. చేతికి పని చెప్పమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, ఈయన దాన్ని రెండు పూటలు పిసికి వీధి కుక్కపిల్లకు దానం చేశాడు.

జాయ్‌స్టిక్‌ను చూడగానే మాత్రం ఆయన కళ్లలో కాస్త వెలుగు కనిపించింది. "గేర్ రాడ్డు మాదిరి ఉండాదే" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు. పిడి పట్టుకుని, లారీకి ఫస్టు గేరు వేసినట్టు ఎడమకు లాగి ముందుకు తోశాడు. కారు ఎడమకు తిరిగి, మంచి వేగంతో పోయి గోడను గుద్దింది. సెకండు గేరుకు వెనక్కి లాగాడు, అది గోడకే ఆనుకుని ఆగిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో గేరు వేసినందుకు బండి గోడ ఎక్కడం ఆయన ఎప్పుడూ చూడలేదు. లోపల రొట్టెలు తడుతున్న భార్య శివజ్యోతి, చాలా కాలం తర్వాత ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల నవ్వు వినిపించేసరికి పెనం దించి వచ్చి చూసింది.

నవ్వు అంత అపురూపం కావడానికి కారణం ఉంది. కిందటేడు వానాకాలంలో టమాటా లోడుతో కడప వైపు పోతుండగా హనుమేష్ లారీ మైదుకూరు దాటాక ఎడమ పక్క గుంతలోకి పల్టీ కొట్టింది. పట్టపగలు, సాఫీ రోడ్డు. ఆయన మోచేయి విరిగింది, క్లీనర్ రంగస్వామి కాలు విరిగింది. తలకు దెబ్బ తగలడంతో హనుమేష్‌కు ఆ ఘడియ బొత్తిగా గుర్తు లేకుండా పోయింది. హోటల్లో రాగి సంగటి తిని చేతులు కడుక్కోవడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి ఫ్యానే.

ఏం జరిగిందో ఊళ్లో వాళ్లే తేల్చేశారు. మధ్యాహ్నం పూట, పైగా కడుపు నిండా సంగటి, కునుకు పట్టి ఉంటుందన్నారు. లారీ యజమాని పుల్లన్న మంచివాడు. పోనీలే, రెప్ప వాలడం ఎవరికి లేదు, ప్రాణాలు దక్కాయి చాలు, చెయ్యి బాగవగానే మళ్లీ బండెక్కమన్నాడు. తిట్టి ఉంటే హనుమేష్ ఎదురు తిరిగేవాడేమో. క్షమించేసరికి ఏమీ అనలేకపోయాడు. నిద్రపోలేదని చెప్పడానికి ఆయన దగ్గర జ్ఞాపకం లేదు. నిద్రపోయానని ఒప్పుకోవడానికి మనసు లేదు.

అప్పటి నుంచి ఆయన తన కంటి రెప్పలను తానే నమ్మలేదు. బైకు మీద ఎవరి వెనకైనా కూర్చున్నా తొడ గిల్లుకునేవాడు. పుల్లన్న కబురు పంపినప్పుడల్లా చెయ్యి ఇంకా సాగలేదని సాకు చెప్పేవాడు. రంగస్వామి కాలు బాగై టమాటా మార్కెట్లో బాక్సులు ఎత్తుతున్నాడని తెలిసి, ఆ వీధి వైపు పోవడమే మానేశాడు. నిద్రపోయి ఒకడి కాలు విరగ్గొట్టినవాడు ఏ మొహంతో వాడి ముందు నిలబడతాడు? మరి ఈ ఆటకు ఎలా ఒప్పుకున్నాడంటే, తెర మీది కారులో పక్క సీటు ఖాళీ. ఎన్నిసార్లు గుద్దినా ఎవరికీ ఏమీ కాదు.

అలా గుద్దుతూ గుద్దుతూ చెయ్యి వాటం కుదిరింది. మలుపుకు ముందే బ్రేకు లాగడం, మలుపు లోపల పిడిని మెల్లగా వదలడం, ఇవన్నీ లారీ నేర్పిన విద్యలే కదా. కుదరనిది ఒక్కటే, సైడు ఇవ్వకుండా ఉండటం. తెర పైన చిన్న అద్దంలో వెనక కారు పెద్దదవుతుంటే చాలు, పిడి దానంతట అదే ఎడమకు వాలిపోయేది. ఇది పందెమనీ, అడ్డం పడాలనీ భువన ఎన్ని విధాల చెప్పినా ఆయనకు ఎక్కలేదు. వెనకవాడికి ఆసుపత్రి పని ఉందేమో మనకేం తెలుసు అనేవాడు. కంప్యూటర్ కారుకు ఆసుపత్రి పనేమిటని భువన అడిగినా, మరుసటి పందెంలో మళ్లీ ఎడమకే జరిగేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆయన పందెంలో ముందు వరసలో ఉన్నాడు. భువన పక్కనే కూర్చుని ఊపిరి బిగబట్టింది. అద్దంలో ఒక తెల్ల కారు వచ్చి వెనక అంటుకుంది. ముందు మలుపు ఉంది. హనుమేష్ ఎడమ చెయ్యి వచ్చి జాయ్‌స్టిక్ అందుకుంది. కుడి చెయ్యి దాన్ని వదిలి, కుర్చీ పక్కగా బయటికి సాగి, పొమ్మన్నట్టు ఊగింది. అన్ని నెలలుగా డాక్టరుకూ బంతికీ లొంగని మోచేయి తిన్నగా సాగింది. లోపల ఏదో కలుక్కుమని నొప్పి పుట్టింది.

"ఎవరికి నాయనా చెయ్యి ఊపుతాండావు?" అంది భువన.

ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉంది. కారు ఎడమ అంచు దాటి పచ్చికలోకి పోయి ఆగిపోయినా చూడలేదు. వెనక నుంచి ఆపకుండా హారన్. అద్దంలో తెల్ల వ్యాను. ముందు మలుపు. బండిని ఎడమ అంచుకు తీసి, చెయ్యి బయట పెట్టి, పో పో అని ఊపడం. ముందురోజు వానకు నానిన మట్టి అంచు చక్రం కింద మెత్తగా కుంగడం. ఆ రోజు జరిగింది మొత్తం గుర్తుకొచ్చింది, ఎవరో తెర తీసినట్టు.

లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఆయన మొహం చూసి శివజ్యోతి భయపడింది.

"నన్ను బండిలోంచి తీసినప్పుడు ఈ చెయ్యి యాడ ఉండె?" అని అడిగాడు.

ఆమె, ఆయన్ను బయటికి తీసిన గొర్రెల కాపరులు ఆసుపత్రికి వచ్చి తనతో చెప్పిన మాటే చెప్పింది. చెయ్యి కిటికీలోంచి బయటికి ఉండి అద్దం కడ్డీలో చిక్కుకుందట. దాన్ని విడిపించడానికే శానా సేపు పట్టిందట. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదు. విరిగిన చెయ్యి బాగవుతుందా లేదా అన్నదే ఆమె దిగులు, అది ఎక్కడుంటే ఏం?

"నిద్రపోయేటోడు చెయ్యి బయటబెట్టి సైడు ఇస్తాడా?" అన్నాడు హనుమేష్. ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పిండి చేతులతోనే ఆయన భుజం పట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే, ఇన్ని నెలలు ఈ అనుమానం లోపల పెట్టుకుని కుమిలిపోయావా అని తిట్టింది. ఆ తిట్లు ఆయనకు చల్లగా తగిలాయి. గుండెల మీంచి లోడు దిగిపోయినట్టయింది.

భోజనానికి కూడా ఆగకుండా టమాటా మార్కెట్‌కు నడిచాడు. రంగస్వామి ఒక లారీ పక్కన బాక్సులు పేరుస్తున్నాడు. హనుమేష్‌ను చూడగానే చేతిలోది కింద పెట్టి, తల వంచుకుని నిలబడిపోయాడు. తానేం చెప్పాలో దారి పొడవునా కూర్చుకున్న హనుమేష్‌కు ఆ వంగిన తల ఎందుకో బోధపడలేదు. జరిగిందంతా చెప్పాడు. వ్యాను, సైడు, మట్టి అంచు, చెయ్యి. తాను నిద్రపోలేదని రెండోసారి కూడా చెప్పాడు.

రంగస్వామి బాక్సు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నేను పోతినన్నా," అన్నాడు. "నేను నిద్రపోతి. నీతో మాట్లాడతా నిన్ను మేల్కొలిపి పెట్టేది నా పని గదా. సంగటి తిని కండ్లు మూసుకుంటి. నేను పండుకోబట్టే నీకూ కునుకు పట్టిందని అందరూ అంటాంటే వింటా ఉంటి. నీ చెయ్యి నేనే ఇరగ్గొట్టినట్టు ఉండె. అందుకే మీ ఇంటికి రాలేదు."

హనుమేష్ అతని పక్కనే ఇంకో బాక్సు మీద కూర్చున్నాడు. కొత్తగా సాగిన చెయ్యి అతని భుజం మీద వేశాడు.

"నువ్వు పండుకున్నా ఏం కాలేదు రంగా. నేను మేలుకొనే ఉంటి."