తిప్పే గేరు, నొక్కే గేరు

మొన్న నరసరావుపేటలో నా గేరు సైకిల్ బాగుచేయిస్తుంటే, షాపతను "తిప్పే గేరు వెయ్యమంటారా, నొక్కేదే ఉంచమంటారా?" అన్నాడు. మా బావ గుర్తొచ్చి నవ్వాగలేదు నాకు. పాపం, తనను చూసి నవ్వాననుకుని షాపతను తన చొక్కా చూసుకున్నాడు.

బావంటే మా అక్క భర్త. ముప్పాళ్ల దగ్గర మిరపచేను ఆయన ప్రాణం. వయసంతా మోపెడ్ మీదే గడిపాడు, ముందు యూరియా బస్తా, వెనక మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తా. ఒకసారి కిందపడితే అక్క ఆ బండి అమ్మించేసింది. మోకాళ్లకు మంచిదని డాక్టరు చెప్పాక ఇద్దరం గేరు సైకిళ్లు కొన్నాం. నాదానికి హ్యాండిల్ కింద రెండు మీటలు, నొక్కితే టక్కుమని గేరు మారుతుంది. ఆయనదానికి చేత్తో పట్టుకునే పిడినే తిప్పాలి. చెమటకు జారుతోందని దానికి తువ్వాలు చుట్టేవాడు. చేనుకు పోయే దారిలో పెద్ద మిట్ట ఉంది. "దిగకుండా ఆ మిట్ట ఎక్కితేనే ఒంటరిగా పో. లేదా చేను కౌలుకిచ్చేద్దాం" అని తేల్చేసింది అక్క. అనుకున్నరోజు ఆటోలో ముందే వెళ్లి పైన నిలబడింది కూడా. నేను నా సైకిల్ మీద బావకు తోడు బయల్దేరాను.

చదును రోడ్డు మీద బావ జోరుగా పోదామని పిడిని తనవైపు తిప్పాడు. ఆ సైకిల్‌కు అలా తిప్పితే గేరు తేలికవుతుంది. కాళ్లు కుట్టుమిషన్‌లా ఆడుతున్నాయి, సైకిల్ మాత్రం సాగదు.

"ఏందిరా ఇది, ఎక్సలేటర్ ఎంత తిప్పినా ఉరకదు!"

"మోపెడ్ కాదు బావా! అవతలికి తిప్పు!"

అలా తిప్పాక సైకిల్ ఉరికింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. మిట్ట మొదలయ్యాక ఆయాసంలో నా వేలు తప్పు మీట నొక్కింది, గేరు బరువెక్కి కాలు కింద పెట్టేశాను. బావ మాత్రం బండి మొరాయించగానే అలవాటుకొద్దీ మళ్లీ తనవైపే తిప్పాడు. మిట్టకు తేలిక గేరే పడాలి, ఈసారి అదే కావలసింది. నన్ను దాటుకుని నింపాదిగా ఎక్కేశాడు. నాకు సిగ్గేసింది, అంతకంటే సంతోషమేసింది.

"ఏమయ్యా, నడిపించుకుంటా వచ్చేది నువ్వనుకున్నా, మా తమ్ముడా?" అంది అక్క. కౌలు మాట మళ్లీ ఎత్తలేదు.

షాపతనికి నొక్కేదే ఉంచమన్నాను. బావా నేనూ ఇప్పటికీ చేనుకు కలిసే పోతుంటాం. ఈమధ్య మిట్ట దగ్గర పిడి చివరిదాకా తిరిగిపోయాక కూడా ఇంకా తేలిక గేరు ఉందేమోనని ఆయన ఇంకాస్త తిప్పి చూస్తున్నాడు. ఏళ్లు గడిచాయని నాకు అక్కడే తెలుస్తోంది, అయినా ఆయన ఇంకా దిగడంలేదు.