బండి అద్దం

పెదపాడులో చేపల చెరువులు చేసే భీమశంకరం బండి ఎక్కే ముందు అద్దాన్ని తన మొహానికేసి తిప్పుకుని, వేలితో కింది రెప్ప లాగి కళ్ళు చూసుకుంటాడు. టీ కొట్టు ముందు ఆగినా అంతే, ఎవరి బండి దొరికితే దాని అద్దంలోకి వంగుతాడు. వేసవిలో పచ్చకామెర్లు వచ్చి హెపటైటిస్ బి అని తేలినప్పటి నుంచీ ఇదే వరస. కళ్ళు ఎప్పుడో తెల్లబడ్డాయి. "అది చాలదండీ. ఆరు నెలలు దాటినా రక్తంలో ఉందంటే ఇక ఉండిపోయినట్టే. అప్పుడు మళ్ళీ పరీక్షకి రండి," అన్నాడు ఏలూరు డాక్టరు. తిండికి అడ్డేమీ లేదని కూడా చెప్పాడు. కామెర్లకి పత్యం లేకపోవడమేమిటని భీమశంకరం చప్పిడి మజ్జిగన్నం మానలేదు. తన చెరువులో చేపని తనే ముట్టలేదు.

ఇవాళ రిపోర్టు చూసి డాక్టరు నవ్వాడు. "వైరస్ పోయిందండీ. మళ్ళీ రాకుండా ఒంట్లో రక్షణ కూడా పుట్టింది." బయటికొచ్చి భార్య విజయకుమారిని వెనక ఎక్కించుకున్నాక, అలవాటుగా అద్దంలోకి వంగబోయి, సిగ్గుపడి, దాన్ని వెనక్కి తిప్పాడు. అందులో ఆవిడ మొహం పడింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఏంటే, ఇలా చిక్కిపోయావు?"

"మీరు చప్పిడి తింటుంటే నేనొక్కదాన్నే చేపల పులుసెలా తింటానండీ?"

భీమశంకరం కిక్కు కొట్టాడు. ఇంటికి కాకుండా తిన్నగా చెరువు గట్టుకే పోనిచ్చాడు బండిని, దారి పొడుగునా ఆ అద్దంలో ఆవిడనే చూసుకుంటూ.